బ్యాంకు వారు మన గుర్తింపు కాగితములు ఎందుకు అడుగుచున్నారు?

కె.వై.సి. అను మూడక్షరముల మాట నేడు మగ్గమున్న ప్రతి ఇంటిలోను వినబడుచున్నది. బ్యాంకు నుండి జాబు వచ్చిన ఆ మాటయే. పోస్టాఫీసులో ఖాతా తెరువబోయిన ఆ మాటయే. చిట్టీ కంపెనీకి పోయినను ఆ మాటయే. "ముప్పది యేండ్లుగా ఈ బ్యాంకులోనే మా ఖాతా యున్నది. మేనేజర్లు మారినను ఊరంతయు మమ్మెరుగును. ఇప్పుడు మీరెవరని అడుగుట యేమి?" అని పెద్దలు కొందరు నొచ్చుకొనుచున్నారు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని కారణము తెలిసికొనక, కాగితమీయక ఊరకున్నచో నష్టపడునది మనమే. మజూరి, పింఛను, ప్రభుత్వ సహాయము అన్నియు ఖాతాలోనే పడుచున్న ఈ కాలమున ఖాతా నిలిచినదనగా మగ్గము నిలిచినట్లే. కనుక ఈ ఏర్పాటు ఏమిటో, ఇందులో మన విధి ఏదో, మన హక్కు ఏదో సభ్యుల కుటుంబముల వారందరు తెలిసికొనుట మంచిది.

కె.వై.సి. అనగా "నీ ఖాతాదారుని తెలిసికొనుము" అని అర్థము. ఈ ఆజ్ఞ మనకు కాదు, బ్యాంకుకు ఇచ్చినది. తన వద్ద సొమ్ము దాచువాడు ఎవడు, ఎక్కడ నుండువాడు, ఏ పనిచేసి సంపాదించువాడు అని తెలిసికొనక బ్యాంకు ఖాతా నడుపరాదు.

దొంగ సొమ్ము దొర సొమ్ము అగు విధము

దీనికి మూలము అక్రమ ధనము. లంచము, మత్తుపదార్థముల వ్యాపారము, మోసము, జూదము వీని వలన వచ్చిన సొమ్మును సంపాదించినవాడు ఉన్నదున్నట్లు ఖర్చు పెట్టలేడు. ఎక్కడిదని ఎవరైన అడిగిన జవాబు లేదు. కనుక దానిని న్యాయమైన సొమ్ముగా కనబడునట్లు చేయుటకు పాటుపడును.

మన పనిలోని పోలిక చెప్పిన ఇది సులభముగా తెలియును. ఒకడు నూలు బేళ్లు దొంగిలించినాడనుకొందము. ఆ బేళ్లను ముద్రతో సహా అమ్మబోయిన పట్టుబడును. అందుచేత మొదట బేళ్లు విప్పి చిలుపలుగా పదిమంది ఇండ్లలో చేర్చును. పిమ్మట రంగులద్దించి, కండెలు చుట్టించి, ఒక మగ్గము నుండి ఇంకొక మగ్గమునకు మార్చుచు మంచి నూలుతో కలుపును. చివరకు చీరలు నేయించి బజారులో బిల్లు వేసి అమ్మును. ఆ చీర చేతపట్టి ఇందులో దొంగ పోగు ఏది అని ఎవరు చెప్పగలరు? సొమ్ము విషయమునను ఈ మూడు మెట్లే. మొదట నగదును కొద్దికొద్దిగా ఖాతాలలో వేయుదురు. తరువాత ఒక ఖాతా నుండి ఇంకొకదానికి త్రిప్పుదురు. తుదకు స్థలమో, బంగారమో, వ్యాపారమో కొని తమదిగా చూపుదురు.

మొదటి మెట్టుననే పట్టుకొనుట సులభము. నూలు చిలుపలుగా విడిపోయిన పిమ్మట వెదకుట కష్టము గదా. అందుచేతనే ఖాతా తెరచు కిటికీ వద్దనే గుర్తింపు అడుగుట.

చట్టము పుట్టుక

ఈ విషయమున దేశములన్నియు ఒక కట్టుగా పనిచేయవలెనని 1989లో పారిస్ నగరమున జరిగిన ఏడు పెద్ద దేశముల సమావేశములో ఆర్థిక చర్యల కార్యదళము అను సంస్థను ఏర్పరచిరి. మన దేశము 2010లో అందులో సభ్యత్వము పొందినది. మన రిజర్వు బ్యాంకు 2002లోనే ఖాతాదారుల గుర్తింపును గూర్చి బ్యాంకులకు ఉత్తరువు పంపినది. అదే సంవత్సరమున పార్లమెంటు అక్రమ ధన చెలామణి నిరోధక చట్టమును చేసినది. అది 2005 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. సందేహాస్పదమైన లావాదేవీల వివరములు అందుకొని పరిశీలించుటకు ఢిల్లీలో ఆర్థిక సమాచార విభాగమును 2004లో నెలకొల్పిరి.

ఈ చట్టము క్రింద బ్యాంకులు, సహకార బ్యాంకులు, చిట్టీ కంపెనీలు, తపాలా శాఖ, అప్పులిచ్చు కంపెనీలు అన్నియు గుర్తింపు చూడవలెను. ఒక నెలలో 10 లక్షల రూపాయలకు మించిన నగదు లావాదేవీలను ఆర్థిక సమాచార విభాగమునకు తెలుపవలెను. అనుమానము కలిగించు లావాదేవీ ఎంత చిన్నదైనను తెలుపవలెను. నేరము రుజువైనవానికి 3 సంవత్సరములకు తక్కువ గాక 7 సంవత్సరముల వరకు కఠిన కారాగారము కలదు.

బ్యాంకు ఉద్యోగి పట్టుదలకు కూడ కారణమున్నది. గుర్తింపు సరిగా చూడని బ్యాంకుకు శిక్ష పడును. 2024లో పేటీఎం పేమెంట్స్ బ్యాంకు సంగతి పత్రికలలో అందరు చదివియే యుందురు. ఆ సంవత్సరము మార్చి 15 తరువాత క్రొత్త డిపాజిట్లు తీసికొనరాదని రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. ఆన్‌లైన్ జూదము మొదలగు అక్రమ పనుల సొమ్ము అందులోని కొన్ని ఖాతాల ద్వారా నడచినదని ఆర్థిక సమాచార విభాగము 5 కోట్ల 49 లక్షల రూపాయల జరిమానా విధించినది. అంత పెద్ద సంస్థకే అట్లయినప్పుడు మన శాఖలోని గుమాస్తా భయపడుటలో వింత లేదు.

ఏ కాగితములు చెల్లును?

ఇక్కడ మనవారు ఎక్కువగా పొరబడుచున్నారు. గుర్తింపునకు చట్టము ఒప్పుకొనిన పత్రములు ఆరు మాత్రమే: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు గుర్తింపు కార్డు, ఆధార్ ఉన్నట్లు చూపు పత్రము, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకము గల ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా పట్టిక వారు పేరు, చిరునామాతో ఇచ్చిన ఉత్తరము. ఈ ఆరింటిలో ఒక్కటి చాలును.

రేషను కార్డు ఇందులో లేదు. చేనేత కార్మికులకిచ్చిన పెహచాన్ కార్డును లేదు. అది నూలు సబ్సిడీకి, నేత పథకములకు పనికివచ్చును గాని బ్యాంకు ఖాతాకు గుర్తింపుగా చెల్లదు. పాన్ కార్డు వేరు సంగతి. గుర్తింపు పత్రముతో పాటు పాన్ నంబరు ఈయవలెను. పాన్ లేనివారు 'ఫారం 60' అను కాగితము నింపి ఇయ్యవలెను.

అసలు పత్రమును తీసికొనిపోయి చూపవలెను. అధికారి నకలును అసలుతో సరిచూచి సంతకము చేసికొని, అసలును మనకు తిరిగి ఇచ్చివేయవలెను. అసలును ఎవరి చేతను విడిచి రావద్దు.

పత్రములోని చిరునామా పాతదైనచో కరెంటు, నీరు, ఫోను బిల్లులలో 2 నెలలకు మించనిది ఒకటి గాని, ఇంటి పన్ను రసీదు గాని చిరునామాకు చూపవచ్చును. అయితే 3 నెలలలోపుగా క్రొత్త చిరునామా గల అసలు పత్రము తెచ్చి ఇయ్యవలెను. పనికై బెంగుళూరు పోయి కాపురమున్న మన పిల్లలకు ఇది ఉపయోగము. ఆధార్ ద్వారా గుర్తింపు ఇచ్చువారు తాము ప్రస్తుతముండు చిరునామాను స్వయముగా వ్రాసి సంతకము చేసి ఇచ్చినను చెల్లును.

ఏ పత్రమును లేనివారు కూడ చిన్న ఖాతా తెరువవచ్చును. అధికారి ఎదుట సంతకమో వ్రేలిముద్రయో వేసి, ఫోటో ఇచ్చిన చాలును. అందులో సంవత్సరమునకు లక్ష రూపాయల వరకే జమ పడవచ్చును. నెలకు 10,000 వరకే తీయవచ్చును. నిలువ 50,000 మించరాదు. అది 12 నెలలు నడచును. పత్రమునకు దరఖాస్తు పెట్టినట్లు చూపిన ఇంకొక 12 నెలలు నడచును.

వ్రేళ్లు అరిగిన పెద్దలకు ఒక మాట. ఏండ్ల తరబడి పోగులు పట్టి వ్రేలిముద్రలు చెరిగి, యంత్రము మీద ముద్ర పడని వారు మనలో చాలమంది కలరు. "ముద్ర పడలేదు, పొమ్ము" అని ఎవరైన అనిన తిరిగి రావద్దు. వార్ధక్యము వలన గాని, జబ్బు వలన గాని, దెబ్బ వలన గాని ఆ విధముగా గుర్తింపు కుదరనిచో వేరొక పత్రము చూచి పని ముగింపవలెనని రిజర్వు బ్యాంకు నిబంధనలోనే ఉన్నది.

పేరులోని చిక్కు

బర్గూరు ప్రాంతపు తెలుగువారికి ఇతరులకు లేని చిక్కు ఒకటి కలదు. ఇంటిపేరు ముందు వ్రాయుట మన వాడుక. తండ్రి పేరులోని మొదటి అక్షరము వ్రాయుట తమిళ దేశపు వాడుక. ఒకే మనిషికి బడి సర్టిఫికెట్టులో తండ్రి అక్షరము, ఓటరు కార్డులో ఇంటిపేరు అక్షరము, ఆధార్‌లో రెండును లేక ఉత్త పేరు. ఆడవారికి పెండ్లికి ముందు తండ్రి అక్షరము, పిమ్మట భర్త అక్షరము. ఇది చాలదన్నట్లు తమిళమున క, గ లకు ఒకే అక్షరము. ప, బ లకు ఒకే అక్షరము. గోపాలప్ప పేరు తమిళమున వ్రాసిన దానిని చూచి ఇంగ్లీషులోనికి మార్చు గుమాస్తా కోపాలప్ప అని వ్రాసిన అతని తప్పు కాదు. కాని కంప్యూటరుకు గోపాలప్ప వేరు, కోపాలప్ప వేరు. మజూరి పట్టీలో ఒకటి, ఖాతాలో ఒకటి ఉన్నచో సొమ్ము తిరిగిపోవును.

దీనికి ఉపాయము ఒకటే. కుటుంబములోని ప్రతి ఒక్కరి పత్రములన్నియు ఒకచోట పరచి, ఇంగ్లీషు అక్షరములు ఒక్కొక్కటిగా సరిచూడుడు. ఏ పేరు ఎక్కువ పత్రములలో ఉన్నదో దానిని నిలుపుకొని తక్కినవి దిద్దించుకొనుడు. ఆధార్‌లో పేరు మార్పునకు జన్మకు రెండు పర్యాయములే అవకాశము. పుట్టిన తేదీ మార్పునకు ఒకసారియే. కనుక తొందరపడక, చదివిన వారిచేత వ్రాయించి చూచుకొని తరువాత దిద్దించుడు. పెండ్లి వలన పేరు మారిన స్త్రీలు ప్రభుత్వము వారిచ్చు వివాహ ధ్రువపత్రము జతపరచిన పాత పేరు గల పత్రము కూడ చెల్లును. అందుచేత పెండ్లి నమోదు చేయించుట అలక్ష్యము చేయవద్దు.

ఎప్పుడెప్పుడు చూపవలెను?

ఒకసారి ఇచ్చితిమి, మరల ఎందుకు అని అడుగువారు కలరు. ఖాతాలను బ్యాంకు వారు మూడు తరగతులు చేసిరి. అపాయము ఎక్కువ అనుకొనిన ఖాతాలకు 2 సంవత్సరములకు ఒకసారి, నడిమి తరగతికి 8 సంవత్సరములకు, తక్కువ తరగతికి 10 సంవత్సరములకు ఒకసారి గుర్తింపు సరిచూడవలెను. మజూరి పడి ఇంటి ఖర్చుకు తీసికొను ఖాతాలు సాధారణముగా తక్కువ తరగతిలోనివే.

గడువునకు ముందు మూడు పర్యాయములు బ్యాంకు మనకు తెలియజేయవలెను. అందులో ఒకటైనను జాబు రూపమున ఉండవలెను. గడువు దాటిన పిమ్మటను అట్లే మూడు జ్ఞాపికలు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు చేసిన సవరణ ప్రకారము తక్కువ తరగతి వ్యక్తుల ఖాతాలను గడువు దాటిన వెంటనే నిలుపరాదు. గడువు నుండి ఒక సంవత్సరము గాని, 2026 జూన్ 30 గాని, ఏది తరువాత వచ్చిన అంతవరకు లావాదేవీలు జరుగనిచ్చి, ఆలోపుగా పని పూర్తిచేయించవలెను.

వివరములలో మార్పేమియు లేనిచో "మార్పు లేదు" అని వ్రాసియిచ్చిన చాలును. ఖాతా ఉన్న బ్యాంకు యొక్క ఏ శాఖలోనైనను ఈయవచ్చును. ఇచ్చినట్లు తేదీతో రసీదు అడిగి తీసికొనుడు. అది మీ హక్కు. చిన్నపిల్లల పేర ఖాతా ఉన్నచో వారికి 18 సంవత్సరములు నిండినప్పుడు క్రొత్త ఫోటో, పత్రములు ఈయవలెను. ఫిర్యాదు వ్రాసియిచ్చి 30 రోజులైనను బ్యాంకు జవాబీయనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును.

ఖాతా అద్దెకు ఇయ్యరాదు

ఇప్పుడు చెప్పబోవునది అన్నిటికంటె ముఖ్యము. గుర్తింపు గట్టిపడిన కొలది దొంగకు తన పేరున ఖాతా దొరకుట లేదు. అందుచేత మంచివాని పేరున ఉన్న ఖాతాకై వెదకుచున్నాడు. పని తక్కువైన మాసములలో మన కుర్రవాళ్ల వద్దకు ఎవడో వచ్చును. "నీ ఖాతాలో కొంత సొమ్ము పడును, తీసి నాకిచ్చిన ఇంత కమిషను" అనును. లేదా పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము మొత్తము తనకిచ్చిన కొన్ని వేలు ఇత్తుననును. చేతికి డబ్బు వచ్చును, పని లేదు, శ్రమ లేదు. కాని ఆ వచ్చినది ఎవరో వృద్ధుని బెదిరించి గుంజిన సొమ్ము కావచ్చును. పోలీసులకు మొదట దొరకునది ఖాతాలోని పేరే. దూర రాష్ట్రము నుండి నోటీసు వచ్చును. ఖాతా నిలిచిపోవును. అందులోని మన మజూరియు చిక్కుకొనును. "నాకు తెలియదు" అనుట ఎంత నిజమైనను, నిరూపించుకొనుటకు కోర్టుల చుట్టు తిరుగవలసినది మనమే.

ఇది క్రొత్త మాయ కాదు. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు, తమ నోట్లను బీదల జన్‌ధన్ ఖాతాలలో వేయింపజూచిన వారు దేశమంతట బయలుదేరిరి. అట్లు ఖాతానిచ్చినవారికిని శిక్ష తప్పదని ప్రభుత్వము అప్పుడే హెచ్చరించినది. ఇతరుల సొమ్ము తన పేరున ఉంచుకొనుట బినామీ చట్టము క్రింద నేరము. 2016లో సవరించిన ఆ చట్టమున 1 సంవత్సరము నుండి 7 సంవత్సరముల వరకు కఠిన శిక్ష కలదు. ఇట్టి అద్దె ఖాతాలను కనిపెట్టుటకు రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ 'మ్యూల్ హంటర్' అను కంప్యూటరు సాధనమునే తయారుచేసినది. నెలకు కొన్ని వేలు పడు ఖాతాలో ఒక్క దినమున లక్షలు పడి, గంటలో మాయమైన ఆ సాధనము పట్టక మానదు. కావున సభ్యులారా, మగ్గమునైనను అద్దెకియ్యవచ్చును గాని ఖాతాను ఇయ్యరాదు.

ఫోనులో వచ్చు కె.వై.సి. నమ్మవద్దు

దొంగలు కె.వై.సి. మాటనే వలగా చేసికొనిరి. "మీ కె.వై.సి. గడువు దాటినది, ఈ రాత్రికి ఖాతా మూతపడును, వచ్చిన అంకె చెప్పుము, ఈ లింకు నొక్కుము" అని ఫోను వచ్చును. బ్యాంకు వారు ఫోనులో ఓటీపీ అడుగరు, పిన్ను అడుగరు. గడువు ఒక్క రాత్రిలో ముగియునది కాదని పైన చెప్పిన లెక్కయే సాక్ష్యము. ఇట్టి ఫోను వచ్చిన పెట్టివేసి, మరునాడు శాఖకు పోయి అడుగుడు. సొమ్ము పోయినచో క్షణము ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా చెప్పిన సొమ్మును అంత త్వరగా నిలుపవచ్చును.

ఆధార్ నకలు ఈయవలసి వచ్చినప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కనబడని నకలు ఇచ్చుట మేలు. ఏ పనికి ఇచ్చితిమో, ఏ తేదీన ఇచ్చితిమో నకలు మీద అడ్డముగా వ్రాసి సంతకము చేయుడు. అప్పుడు దానిని వేరొక పనికి వాడుట కష్టమగును.

సంఘములు, వ్యాపారులు గమనింపవలసినవి

సంఘమునకు కూడ గుర్తింపు కలదు. రిజిస్ట్రేషను పత్రము, ఉపవిధులు, పాన్, ఖాతా నడుపుటకు పాలకవర్గము చేసిన తీర్మానము, సంతకము చేయువారి సొంత గుర్తింపు పత్రములు బ్యాంకులో ఉండవలెను. పాలకవర్గము మారిన వెంటనే క్రొత్త తీర్మానము పంపనిచో చెక్కులు తిరిగివచ్చి, మజూరి పంపిణీ ఆగును. నష్టము ప్రతి ఇంటికిని తగులును.

మన బర్గూరు బట్టల బజారు. చెన్నై బెంగుళూరు రహదారి మీద ఉన్నందున తమిళనాడు నుండియే గాక ఆంధ్ర, కర్ణాటకముల నుండియు కొనుగోలుదారులు వత్తురు. బట్టల వ్యాపారి మీద బ్యాంకుకు వలె కె.వై.సి. బాధ్యత చట్టము పెట్టలేదు. అయినను అమ్మువాడు కొనువాని తెలిసికొనుట క్షేమము. జి.ఎస్.టి. నంబరు 15 అక్షరములు. మొదటి రెండు అంకెలు రాష్ట్రమును తెలుపును: తమిళనాడు 33, ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణము 36, కర్ణాటక 29. తరువాతి పది అక్షరములు ఆ వ్యాపారి పాన్. జి.ఎస్.టి. వారి వెబ్‌సైటులో నంబరు వేసి చూచిన ఆ పేరు ఉన్నదా లేదా ఉచితముగా తెలియును.

2017 ఏప్రిల్ 1 నుండి ఒక దినమున ఒకని వద్ద నుండి గాని, ఒకే బేరమునకు గాని 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకొనరాదు. పుచ్చుకొనినవానికి అంత మొత్తము జరిమానా పడవచ్చును. చీరలొకరికి, బిల్లు వేరొకరి పేర అనువాడును, బేరమునకు మించి ఖాతాలో వేసి "మిగిలినది నగదుగా మా మనిషికి ఇయ్యుడు" అనువాడును బట్టలకు వచ్చినవాడు కాడు, మన ఖాతాకు వచ్చినవాడు. అట్టి బేరము పోయినను నష్టము లేదు.

తుది మనవి

సభ్యులు ఈ నెలలోనే ఇంటిలోని పత్రములు తీసి పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు సరిచూచుకొనవలెను. బ్యాంకులో తమ గడువు ఎప్పుడో అడిగి పాసుబుక్కు మీద వ్రాసికొనవలెను. చదువు రాని పెద్దలను పిల్లలు వెంటబెట్టుకొని పోవలెను. ఇంటిలోని యువకులకు ఖాతా అద్దె సంగతి స్పష్టముగా చెప్పవలెను. పడుగులో పోగు తెగినప్పుడు వెంటనే అతికిన పని సాగును. అట్లే విడిచిన గుడ్డ చెడును. కాగితములలోని తప్పును కూడ చిన్నదిగా ఉన్నప్పుడే దిద్దుకొందుము గాక.

— కార్యదర్శి